ఉద్దానంలో లిథియం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ అనే మాట ఆసుపత్రి గోడలు దాటి చాలా కాలమైంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో అరుగుల మీద, టీ బడ్డీల దగ్గర వినబడుతుంది. "మొన్న రక్తం ఇచ్చావు కదా, ఎంతొచ్చిందేటి?" అని అడిగితే, ఎంత అన్నది క్రియాటినిన్ గురించేనని విడమరచి చెప్పక్కర్లేదు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా కనిపించే ఈ తీరప్రాంతంలో 1990ల నుంచీ మూత్రపిండాల జబ్బు మనుషుల్ని తినేస్తోంది. 2019, 2020 సంవత్సరాల్లో వెలువడిన సర్వేలు చూస్తే పెద్దవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి మూత్రపిండాలు దెబ్బతిని ఉన్నాయి. చాలామందికి సుగరు లేదు, ముందునుంచీ బీపీ కూడా లేదు. నీళ్లన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు.

ఇక్కడ చెప్పబోయేది మనసు జబ్బుల సంగతి. కాకపోతే ఈ పల్లెల్లో మనసు జబ్బుకి మందు రాయాలంటే ముందు మూత్రపిండం సంగతి అడగాలి. అందుకు కారణం ఒక చవకైన మాత్ర: లిథియం కార్బొనేట్, 300 మిల్లీగ్రాములు. బైపోలార్ డిజార్డర్‌కి వాడే మందుల్లో పాతదీ, బాగా పరీక్షకు నిలిచినదీ ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ఆత్మహత్యల్ని తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్న అతి కొద్ది మందుల్లో ఒకటి. ఒంట్లోంచి బయటికి పోవడానికి మాత్రం దీనికి దాదాపు ఒక్కటే దారి ఉంది. అది మూత్రపిండాల దారి.

మందు సంగతికి ముందు జబ్బు సంగతి చూద్దాం. పలాస చుట్టుపక్కల జీడిపిక్కల బట్టీలో పనిచేసే పాతికేళ్ల కుర్రాడు ఒకడున్నాడనుకోండి. నెమ్మదస్తుడు. ఉన్నట్టుండి రాత్రి రెండు గంటలు పడుకుంటే చాలంటాడు. తెల్లారకముందే లేచి ఇల్లూ వాకిలీ కడుగుతాడు. మాట మీద మాట, నవ్వు మీద నవ్వు. కూలికి ఎందుకెళ్లాలి, నేనే ఫ్యాక్టరీ పెడతానంటాడు. విశాఖలో ఉన్న మేనమామకి అర్ధరాత్రి ఫోన్ చేసి పెట్టుబడి అడుగుతాడు. మొదటి రెండు మూడు రోజులూ ఇంట్లోవాళ్లు కుర్రాడికి బాధ్యత తెలిసొచ్చిందని సంబరపడతారు కూడా. వారం తిరిగేసరికి తోట కాగితాలు తాకట్టుకి వెళ్తాయి, ఇంటి ముందు కొత్త బండి నిలబడుతుంది, అడ్డుచెప్పిన తండ్రి మీద చెయ్యి లేస్తుంది. ఇదే ఉన్మాద దశ, వైద్యుల మాటలో మేనియా. ఒకరు అమ్మోరు పూనిందంటారు, ఒకరు పొగరంటారు, ఒకరు గంజాయేమో చూడమంటారు. ఆ చివరి మాట కొట్టిపారేయాల్సింది కాదు, డాక్టరు కూడా మొదట అదే అడుగుతాడు.

రెండు నెలల తర్వాత అదే కుర్రాడు గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు. పిలిస్తే పలకడు. స్నానం లేదు, తిండి సయించదు. అప్పులవాళ్లు రావడం మొదలైంది కాబట్టి ఊరంతా దానికొక కారణం కూడా దొరికిందనుకుంటుంది. మనాది పట్టిందంటారు. ఇది రెండో దశ.

ఉత్సాహం, బెంగ ఎవరికైనా ఉండేవే. జబ్బు అనడానికి వైద్యులు చూసేవి వేరు: ఎన్నాళ్లుంది, మనిషి తన మామూలు తీరుకి ఎంత దూరం జరిగాడు, పనీ సంసారం ఎంత చెడ్డాయి. ఉన్మాదమైతే కనీసం వారం, దాని తక్కువ మోతాదు రూపమైతే 4 రోజులు, కుంగుబాటైతే 2 వారాలు అన్నది ఇప్పుడు వాడుకలో ఉన్న కొలమానం. కుంగుబాటు ఒక్కటే వచ్చిపోయేవాళ్లు ఎక్కువ. అటూ ఇటూ ఊగేవాళ్లు, అంటే బైపోలార్ వాళ్లు, చాలా తక్కువ.

చిక్కు ఎక్కడొస్తుందంటే, బైపోలార్ ఉన్న మనిషి డాక్టరు దగ్గరికి ఎక్కువగా వెళ్లేది కుంగిపోయినప్పుడే. హుషారుగా ఉన్న రోజుల్ని జబ్బని అతను అనుకోడు, తన జీవితంలో బాగున్న రోజులవే అనుకుంటాడు. డాక్టరు డిప్రెషన్ అనుకుని దానికి మాత్ర ఒక్కటే రాసిస్తే కొందరిలో అది మనిషిని కిందనుంచి తీసుకెళ్లి ఉన్మాదంలో పడేస్తుంది. "ఎప్పుడైనా నిద్ర లేకపోయినా అలసట లేని రోజులున్నాయా?" అన్న ప్రశ్నకి సరైన జవాబు రోగి దగ్గర దొరకదు. తల్లి దగ్గరో భార్య దగ్గరో దొరుకుతుంది. అందుకే మనసు డాక్టరు ఓపీకి రోగితో పాటు ఇంటి మనిషి వెళ్లాలి. వెళ్లి, సిగ్గుపడకుండా ఆ తాకట్టు సంగతి కూడా చెప్పాలి.

బెంగళూరు నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో సర్వే నాటికి బైపోలార్ ఉన్నవాళ్లు 0.3 శాతం, కుంగుబాటు జబ్బు ఉన్నవాళ్లు 2.7 శాతం తేలారు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. అయినా ఆ లెక్కనే ఇక్కడికి తెచ్చి చూస్తే, 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉమ్మడి జిల్లాలు రెండూ కలిపి 50 లక్షలు. అందులో పెద్దవాళ్లని 33 లక్షలనుకుంటే, బైపోలార్‌తో ఉన్నవాళ్లు సుమారు 10 వేలు, కుంగుబాటుతో ఉన్నవాళ్లు 89 వేల చిల్లర. అదే సర్వే ఇంకో మాట చెప్పింది. బైపోలార్ ఉన్న వందమందిలో 70 మందికి, కుంగుబాటు ఉన్న వందమందిలో 85 మందికి ఏ వైద్యమూ అందడం లేదు.

జబ్బు ఎందుకొస్తుందన్నదానికి ఒక్కమాటలో జవాబు లేదు. బైపోలార్‌లో వంశపారంపర్యం పాత్ర ఎక్కువే, కానీ దానికి ఒక జన్యువంటూ లేదు. 2021లో వచ్చిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధన జన్యుపటంలో 64 చోట్ల చిన్న చిన్న తేడాలు పట్టుకుంది. ఒక్కో తేడా చేసేది ఆవగింజంత. తల్లికో తండ్రికో బైపోలార్ ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం పదింట ఒక వంతు ప్రాంతంలో ఉంటుంది, అంటే తొమ్మిది వంతులు రాకపోవచ్చు. ఈ లెక్క తెలియకే ఎన్నో సంబంధాలు తప్పిపోతున్నాయి, ఎన్నో పెళ్లిళ్లు మాత్రల డబ్బా దాచిపెట్టి జరుగుతున్నాయి. దాచిన డబ్బా ఎక్కువ హాని చేస్తుంది. పెళ్లి హడావుడిలో నిద్రలేని రాత్రులు, మానేసిన మాత్రలు రెండూ ఒకే వారంలో కలుస్తాయి.

నిద్ర తగ్గడం ఉన్మాదానికి ఒక లక్షణం. ఉన్మాదాన్ని రేపేది కూడా అదే. ఒక్క రాత్రి జాగరంతో తిరగబెట్టినవాళ్లున్నారు. మన ఉత్తరాంధ్రలో జాగరాలకి కొదవలేదు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో శివరాత్రి, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానుకి ముందు రాత్రి తొలేళ్లు, ఊరి జాతరల్లో తెల్లవార్లూ తప్పెటగుళ్లు. శివరాత్రి అయితే జాగరానికి ఉపవాసం తోడు. కొందరు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. లిథియం వేసుకునే మనిషికి ఈ రెండూ ఒకే రాత్రి వస్తే ఒకటి మెదడుని, ఇంకొకటి రక్తంలో మందు మోతాదుని కదిలిస్తుంది. దేవుడి మీద నాకు పేచీ లేదు. దర్శనం పగలు చేసుకుని, రాత్రి ఇంటికొచ్చి మాత్ర వేసుకుని పడుకుంటే ఏ దేవుడూ కోపగించడు. బైపోలార్ ఉన్నవాళ్లు పడుకునే వేళా లేచే వేళా రోజూ ఒకేలా ఉంచుకోవడం వైద్యంలో భాగం. పైసా ఖర్చులేని భాగం కాబట్టి డాక్టర్లు కూడా దాని గురించి తక్కువ మాట్లాడతారు.

ఇక లిథియం. ఫోన్ బ్యాటరీలో ఉండే ఆ మూలకమే. మెల్‌బోర్న్ శివార్లలో బండూరా అనే చోట ఒక చిన్న ఆసుపత్రిలో జాన్ కేడ్ అనే మానసిక వైద్యుడు పనిచేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ చాంగీ చెరలో ఖైదీగా ఏళ్లు గడిపి వచ్చినవాడు. ఉన్మాదానికి ఒంట్లో తయారయ్యే ఏదో విషం కారణమని అతని ఊహ. రోగుల మూత్రాన్ని గినీ పందులకి ఎక్కించి చూశాడు. యూరిక్ ఆమ్లం మీద అనుమానం వచ్చింది. అది నీళ్లలో కరగదు కాబట్టి కరిగే లిథియం యూరేట్‌గా మార్చి ఇచ్చాడు. గినీ పందులు మెత్తబడ్డాయి. ఊహ తప్పు, మందు ఒప్పు. ముందు తానే మింగి చూసుకుని, తర్వాత ఉన్మాదంతో ఉన్న పదిమందికి ఇచ్చి, ఫలితాన్ని 1949 సెప్టెంబరు 3న మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియాలో అచ్చు వేయించాడు.

మొదటి రోగి కథ ఆ వ్యాసంలో కంటే ఆ తర్వాతే ఎక్కువ నేర్పుతుంది. అయిదేళ్లుగా ఆసుపత్రిలో అరుస్తూ ఉన్న మనిషి కొన్ని వారాల్లో నెమ్మదించి, ఇంటికెళ్లి, పాత ఉద్యోగంలో చేరాడు. బాగున్నాను కదా అని మాత్రలు మానేశాడు. జబ్బు తిరగబెట్టింది. మళ్లీ మొదలుపెట్టారు. 1950లో లిథియం విషమెక్కి చనిపోయాడు. రక్తంలో మందు ఎంతుందో కొలిచి మోతాదు దిద్దే పద్ధతి అప్పటికింకా వాడుకలోకి రాలేదు.

అదే 1949లో అమెరికాలో ఇంకో ఘోరం. గుండెజబ్బు, బీపీ ఉండి ఉప్పు మానేయాల్సిన వాళ్లకి బదులు ఉప్పుగా లిథియం క్లోరైడ్ అమ్మారు. కొందరు చనిపోయారు, ప్రభుత్వం దాన్ని బజారునుంచి తీసేయించింది. ఆ దెబ్బకి అక్కడ లిథియం పేరెత్తితే భయపడే రోజులొచ్చి, మందుగా అనుమతి 1970 దాకా రాలేదు. (తమాషా ఏమిటంటే అంతకు కొద్దిరోజుల ముందు దాకా, 1948 వరకూ, సెవెనప్ కూల్‌డ్రింకులో లిథియం సిట్రేట్ ఉండేది.) మధ్యలో డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ 1954లో పద్ధతిగా పరీక్ష చేసి మందు పనిచేస్తుందని తేల్చాడు. మాటిమాటికీ కుంగుబాటుతో పడిపోయే తన తమ్ముడు లిథియంతో నిలబడ్డాడని షౌ తర్వాత తనే చెప్పుకున్నాడు.

ఉప్పు మానేసినవాళ్లకే అది ఎందుకు విషమైంది? ఉద్దానం వాళ్లకి బాగా పనికొచ్చే పాఠం ఇక్కడుంది. లిథియం, సోడియం ఒకే కుటుంబం మూలకాలు. మూత్రపిండం మొదట రక్తాన్ని వడగట్టి, వడిసిన నీటిలోంచి ఒంటికి కావలసినవి సన్నని గొట్టాల్లో వెనక్కి లాక్కుంటుంది. సోడియంని లాగేటప్పుడు లిథియంని కూడా లాగేస్తుంది. రెండిటికీ తేడా అక్కడ సరిగ్గా పట్టదు. వడిసిన లిథియంలో అయిదింట నాలుగు వంతులు ఇలా మామూలుగానే వెనక్కొస్తాయి, ఒక వంతు మూత్రంలో పోతుంది. ఒంట్లో ఉప్పు తగ్గినా, నీరు తగ్గినా మూత్రపిండం ఇంకా గట్టిగా సోడియంని పట్టుకుంటుంది. దాంతో పాటు లిథియం కూడా నిలిచిపోతుంది. వేసుకునే మాత్రలు మారవు, రక్తంలో మోతాదు మాత్రం పెరుగుతుంది. ఇక వడపోతే సగానికి పడిపోయిన మూత్రపిండమైతే చెప్పేదేముంది?

ఇప్పుడు ఉద్దానంలో ఒక మనిషి చేతిలో రెండు చీటీలున్నాయనుకోండి. ఒకటి మనసు డాక్టరుది, అందులో లిథియం ఉంది. రెండోది కిడ్నీ డాక్టరుది. అందులో ఉప్పు తగ్గించమని ఉంటుంది. ఈ ఇంటివాళ్లు నిన్నటిదాకా ఎండుచేపలూ ఆవకాయా పెట్టుకుని తిన్నవాళ్లు, ఒక్కసారి సగానికి తగ్గిస్తారు. అదే చీటీలో బీపీ మాత్ర ఉంటుంది. పేరు చివర "ప్రిల్" అనో "సార్టాన్" అనో ఉంటే అది లిథియంని పెంచే అవకాశం ఉంది. మాత్ర పేరు పక్కన "హెచ్" అనే అక్షరం ఉంటే అందులో మూత్రం తెప్పించే థయజైడ్ కలిసి ఉందని అర్థం, అది ఇంకా పెంచుతుంది. రెండు చీటీలూ ఎవరికి వారు సరిగ్గా రాసినవే. ఒకరి చీటీ ఇంకొకరు చూడకపోవడంలో ఉంది ప్రమాదం.

మూడో చీటీ ఉండదు, ఎందుకంటే అది ఆర్‌ఎంపీ దగ్గరో మందుల షాపులోనో నోటిమాటగా జరుగుతుంది. కొబ్బరి దింపి, తోటలో తవ్వి, నడుం పట్టేసిన మనిషికి డైక్లోఫెనాక్ ఇంజక్షనో, ఐబుప్రొఫెన్ మాత్రో ఇచ్చి పంపుతారు. ఈ జాతి నొప్పి మాత్రలు మూత్రపిండానికి రక్తం తగ్గించి లిథియంని లోపలే నిలబెడతాయి. లిథియం వాడేవాళ్లకి నొప్పికి పారాసెటమాల్ మేలు. ఇది డాక్టరు చెప్పాల్సిన మాట. చెప్పకపోతే అడగాల్సిన మాట.

వీటన్నిటికంటే ప్రమాదం వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రోజు. ఎండాకాలం బట్టీ దగ్గర చెమటోడ్చిన రోజు కూడా అంతే. అలాంటప్పుడు నీళ్లూ ఓఆర్‌ఎస్‌సూ తాగుతూ, ఆ పూట లిథియం వేసుకోవాలా వద్దా అని డాక్టరుకి ఫోన్ చేసి అడగాలి. మొండిగా మింగేయకూడదు. మోతాదు మితిమీరిన మనిషి చేతులు మామూలు సన్నని వణుకు దాటి గట్టిగా కొట్టుకుంటాయి, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, మత్తుగా ఉంటాడు. చూసినవాళ్లు తాగొచ్చాడనుకుని మంచం మీద పడేస్తారు. లిథియం వాడే మనిషి తూలితే మొదటి అనుమానం మందు మీద రావాలి, సారా మీద తర్వాత. బాగా ముదిరితే రక్తంలోంచి లిథియంని తీసేయడానికి డయాలసిసే మార్గం. సోంపేట, పలాస, టెక్కలి వాళ్లకి డయాలసిస్ యంత్రం చెప్పక్కర్లేనంత పరిచయం.

రక్తపరీక్ష చేయించడంలో ఉన్న కిటుకులు కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే వైద్యం సగం ఇక్కడే గెలుస్తుంది, ఇక్కడే ఓడుతుంది. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం తీయాలి. తొమ్మిదింటికి వేసుకుంటే పొద్దున్న తొమ్మిదింటికి. పొద్దుటి మాత్ర ఉంటే వేసుకోకుండా జేబులో పెట్టుకెళ్లి, సూది తీశాక మింగాలి. పొద్దున్నే మాత్ర మింగి పలాస బస్సెక్కి పదింటికి రక్తమిస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు మోతాదు తగ్గిస్తాడు, జబ్బు తిరగబెడుతుంది. ఇంకొకటి, ల్యాబ్ కుర్రాళ్లకే తెలియాల్సినది: రక్తం పట్టే ట్యూబుల్లో ఆకుపచ్చ మూతది చాలాసార్లు లిథియం హెపారిన్ పూసి వస్తుంది. లిథియం కొలవడానికి రక్తాన్ని లిథియం పూసిన ట్యూబులో పడితే రిపోర్టు ఏమొస్తుందో ఊహించుకోవచ్చు. మామూలు ఎర్ర మూత ట్యూబు వాడాలి.

రిపోర్టులో అంకె లీటరుకి 0.6కీ 1.0కీ మధ్య ఉంటే ఎక్కువమందికి సరిపోతుంది. మిల్లీమోల్ అని రాసినా మిల్లీ ఈక్వివలెంట్ అని రాసినా ఈ మందు విషయంలో అంకె ఒకటే. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. వయసు పైబడినవాళ్లలో, మూత్రపిండాలు నలిగినవాళ్లలో అంతకంటే ముందే మొదలవ్వచ్చు. మోతాదు మార్చిన వారానికి ఒకసారి, స్థిరపడ్డాక మూడు నుంచి ఆరు నెలలకొకసారి ఈ పరీక్ష, ఆరు నెలలకొకసారి క్రియాటినిన్, థైరాయిడ్, కాల్షియం. థైరాయిడ్ ఎందుకంటే లిథియం దాన్ని మందగింపజేస్తుంది. దానికి మళ్లీ మాత్ర ఉంది, లిథియం మానక్కర్లేదు.

క్రియాటినిన్ గురించి ఉద్దానం వాళ్లకి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే కానీ, ఒక్క మాట. క్రియాటినిన్ కండలోంచి వచ్చేది. బక్కపలచని కూలిమనిషికి కండ తక్కువ, కాబట్టి మూత్రపిండం సగం పోయినా అంకె 1.2 లోపే కనిపించవచ్చు. వయసు, ఆడా మగా చూసి లెక్కగట్టే వడపోత అంకె, ఈజీఎఫ్‌ఆర్, దానికంటే నయం, అదీ మరీ సన్నగా ఉన్నవాళ్లలో పూర్తిగా నమ్మదగ్గది కాదు. ఈ అంకె 60 లోపుంటే లిథియం మొదలుపెట్టే ముందు బాగా ఆలోచిస్తారు. 30 లోపుంటే సాధారణంగా వేరే మందు చూస్తారు.

లిథియమే మూత్రపిండాన్ని పాడుచేస్తుందా అన్న భయం పేపర్లు చదివేవాళ్లందరికీ ఉంది. కొంత నిజం. చాలామందికి దాహం పెరుగుతుంది, మూత్రం ఎక్కువవుతుంది. నీటిని వెనక్కి పట్టే గొట్టాల చివరి భాగం మొద్దుబారడం వల్ల వచ్చే తేడా అది. పదీ ఇరవై ఏళ్లు వాడినవాళ్లలో కొందరికి వడపోత నెమ్మదిగా తగ్గుతుంది, అందులోనూ డయాలసిస్ దాకా వెళ్లేవాళ్లు కొద్దిమంది. రక్తంలో మోతాదు ఎక్కువగా ఉన్నవాళ్లకి, ఒకట్రెండుసార్లు విషమెక్కినవాళ్లకి ముప్పు ఎక్కువ. ఈ భయంతో రాత్రికి రాత్రి మాత్రలు మానేయడం మాత్రం అన్నిటికంటే చెడ్డ పని. లిథియం ఒక్కసారిగా ఆపితే ఉన్మాదం తిరగబెట్టడం, ఆత్మహత్య ఆలోచనలు రెండూ పెరుగుతాయి. మానాలంటే డాక్టరు పర్యవేక్షణలో వారాలూ నెలలూ పట్టేలా తగ్గించాలి. "బాగానే ఉన్నాడు కదేటి, ఇంకా మాత్రలెందుకు?" అనే మాట ఇంటింటా వినబడేదే. మాత్రల వల్లే బాగున్నాడన్న జవాబు ఎన్నిసార్లు చెప్పినా పాతబడదు.

లిథియం కుదరనివాళ్లకి వేరే దారులున్నాయి. వాల్‌ప్రోయేట్ కాలేయం మీద ఆధారపడేది, మూత్రపిండానికి బెడద తక్కువ. కానీ గర్భం వచ్చే వయసు ఆడవాళ్లకి అది ఇవ్వకూడదనే ప్రపంచమంతా అంటోంది. గర్భంలో దాని బారినపడిన బిడ్డల్లో పదిమందిలో ఒకరికి అవకరాలు, ఇంకా ఎక్కువమందికి చదువులో, ఎదుగుదలలో వెనకబాటు. పెళ్లైన కొత్తలో ఉన్న అమ్మాయికి ఈ మాత్ర రాసి ఉంటే ఆ విషయం డాక్టరుని సూటిగా అడగాలి. తనంతట తాను మానకూడదు. క్వెటియాపిన్, ఒలాంజపిన్ పనిచేస్తాయి, బరువూ సుగరూ పెంచుతాయి. లామోట్రిజిన్ కుంగుబాటు వైపు బాగా ఆపుతుంది, మోతాదు చాలా నెమ్మదిగా పెంచాలి, ఒంటిమీద దద్దుర్లొస్తే వెంటనే చూపించాలి. ఇక సినిమాలు భయపెట్టిన కరెంటు షాకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తూ, కండరాలు సడలించే మందూ ఇవ్వకుండా దాన్ని చేయడం నిషేధించింది. ఆ పద్ధతిలో చేస్తే, మందులు పడని తీవ్ర స్థితిలో అది ప్రాణాలు నిలబెట్టే చికిత్స.

డాక్టరు ఎక్కడున్నాడన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. ఒకప్పుడు ఇచ్ఛాపురం నుంచి మనిషిని కారెక్కించి రెండొందల కిలోమీటర్లు దాటి విశాఖ చినవాల్తేరు ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. లేదంటే దగ్గరని ఒడిశాలోని బరంపురం. ఇప్పుడు శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, విజయనగరంలో 2023లో వచ్చింది, నెల్లిమర్లలో మిమ్స్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్ 14416 నంబరుకి ఏ వేళప్పుడైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఆలోచించకుండా నొక్కాల్సిన అంకెలు అవి. వలస వెళ్లేవాళ్ల తిప్పలు వేరు. గుజరాత్ వెరావల్‌కి చేపల వేటకి, హైదరాబాద్, చెన్నైలకి కట్టడం పనులకి నెలల తరబడి వెళ్లే ఈ జిల్లాల మనుషులు మాత్రలు అయిపోతే అక్కడ ఎవరినడగాలో తెలియక మానేస్తారు. బయలుదేరే ముందు మూడు నెలల మాత్రలు, చీటీ ఫొటో ఫోన్‌లో పెట్టుకోవడం ఒక ఉపాయం. సముద్రంలో పడవ మీద ఎండలో రోజులు గడిపేవాడికి లిథియం సరైన మందేనా అన్నది కూడా ముందే తేల్చుకోవాల్సిన సంగతి.

ఇదంతా మనసు జబ్బుకి మందు వాడేవాళ్ల మూత్రపిండం గురించి. తిరగేసి చూస్తే మూత్రపిండం పోయినవాళ్ల మనసు ఉంది. డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి కుంగుబాటు జబ్బు ఉంటుందని వివిధ దేశాల అధ్యయనాలు కలిపి చూసినప్పుడు తేలింది. దాన్ని పట్టుకోవడం కష్టం. ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, నీరసం, ఏ పనీ చేయాలనిపించకపోవడం రక్తంలో యూరియా పెరిగినా వస్తాయి, మనసు కుంగినా వస్తాయి. కాబట్టి ఒంటి లక్షణాలు పక్కనపెట్టి, మనవడొస్తే ముఖం వికసిస్తోందా, నేను ఇంటికి భారమని పదేపదే అంటున్నాడా అని చూడాలి. ఇక్కడ మనసు కుంగడానికి కిడ్నీ ఒక్కటే కారణం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ కూకటివేళ్లతో పెకలించినప్పుడు తోటలతో పాటు కుంగిపోయిన వాళ్లెందరో. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. అందరిదీ జబ్బు కాదు. నష్టపోయినవాడు ఏడవడం జబ్బనడం అన్యాయం. నెలలు గడిచినా లేవలేనివాడిని అది సహజమేలెమ్మని వదిలేయడం కూడా అన్యాయమే.

కిడ్నీ జబ్బుతో కుంగినవాళ్లకి మాత్రలు ఎంత పనిచేస్తాయి? జవాబు అంత నునుపుగా లేదు. డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగుల్లో సెర్ట్రలిన్ ఉత్తి పిండి మాత్ర కంటే మెరుగు కాదని 2017లో ఒక అమెరికా పరీక్ష తేల్చింది. 2019లో ఇంకో పరీక్షలో డయాలసిస్ కుర్చీలో కూర్చున్నవాళ్లకి అక్కడికే కౌన్సెలర్‌ని పంపి కొంతమందికి మాటలతో చికిత్స, కొంతమందికి సెర్ట్రలిన్ ఇచ్చారు. 12 వారాలకి రెండు గుంపులవాళ్లూ మెరుగుపడ్డారు, మాత్రల వాళ్లు కాస్త ఎక్కువ, దుష్ఫలితాలు కూడా వాళ్లకే ఎక్కువ. వారానికి రెండు మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు ఒకేచోట కూర్చునే మనుషులు డయాలసిస్ కేంద్రాల్లో దొరుకుతారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడ ఒక కౌన్సెలర్ రోజూ కుర్చీల మధ్య తిరిగే ఏర్పాటు ఖరీదైనదేమీ కాదు.

పల్లెల్లో ఏం చేయవచ్చో మన రాష్ట్రంలోనే ఒక నమూనా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 42 గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్ పరికరాలిచ్చి, ఇంటింటికీ పంపి, కుంగుబాటు ప్రశ్నలు అడిగించారు. అవసరమైనవాళ్లని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకి అప్పగించారు. వైద్యం అందినవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. ఉద్దానంలో ఏఎన్‌ఎంలు, ఆశాలు కిడ్నీ పరీక్షల కోసం ఎలాగూ తిరుగుతున్నారు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగా నిరాశగా ఉండటం ఎన్ని రోజులు అనిపించింది అని ప్రపంచమంతా వాడే రెండు ప్రశ్నలున్నాయి. రక్తం తీస్తూనే అడగవచ్చు. చాలా రోజులన్నవాళ్లని మూడోది, ఆ నిద్ర అక్కర్లేని హుషారు రోజుల సంగతి, ఇంట్లోవాళ్ల ఎదుట అడగాలి. ఇప్పటికే లిథియం వాడుతున్నవాళ్ల కిడ్నీ కార్డు మీద ఆ మందు పేరు ఎర్ర సిరాతో రాసిపెడితే, డైక్లోఫెనాక్ సూది ఎక్కించబోయే ఆర్‌ఎంపీకీ, "హెచ్" మాత్ర రాయబోయే డాక్టరుకీ అది ముందే కంటబడుతుంది.